ఏడు కిలోమీటర్ల పొరపాటు

బల్ల మీద ఏడు గాజుసీసాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కోదాంట్లో పిడికెడు మట్టి.

"నిజం చెప్పండి మేడమ్. ఇది ఏ పూలకుండీలోంచి తెచ్చారు?"

అడిగింది చిటికెడు సారు. బయటి సంస్థ నుంచి వచ్చిన పర్యావరణ తనిఖీదారు ఆయన. ఎక్కడికెళ్లినా ముందు చిటికెడు మట్టి తీసి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, ఆ తర్వాతే ఎదుటి మనిషి వైపు చూస్తాడు. అందుకే రైల్వే కంపెనీలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

మొక్కల మేడమ్ సీసాల్ని తన వైపు లాక్కుంది. కంపెనీలో పర్యావరణ విభాగానికి ఆవిడే అధికారి. విభాగమంటే మొత్తం ముగ్గురు మనుషులు, మెట్ల కింద ఒక గది.

"పూలకుండీ ఏంటి సార్? నలభై ఒకటో కిలోమీటరు నుంచి నలభై ఎనిమిది దాకా రైలుకట్ట మీద తవ్వింది. కిలోమీటరుకో సీసా. నేనే దగ్గరుండి తవ్వించాను."

"అదే కదా నా బాధ, మీరు దగ్గరుండటం." ఆయన రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు. "ఇది లాబొరేటరీ రిపోర్టు. ఈ మట్టిలో కలుపుమందు చుక్క కూడా లేదంటోంది. ఇది మీ కంపెనీ రిజిస్టరు. ముప్ఫయ్యయిదేళ్లపాటు, ఏటా రెండుసార్లు, ఇదే కట్ట మీద కలుపుమందు కొట్టామంటోంది. ప్రతిసారీ 'పూర్తి' అని రాసి, కింద సంతకం. అన్నేళ్లు మందు తాగిన నేల ఇంత కడిగిన ముత్యంలా ఎలా ఉంటుంది?"

ఆవిడ లాబొరేటరీ రిపోర్టు తీసుకుని ఇంకోసారి చదివింది.

"మట్టి అబద్ధమా, రిజిస్టరు అబద్ధమా? గురువారం పదింటికి సమావేశం. ఆలోపు తేల్చండి. తేలకపోతే ఈ కట్టని కాపాడాలన్న మీ కాగితం మీద నా సంతకం రాదు."

సంతకం రాకపోతే ఏమవుతుందో కిటికీలోంచి చూస్తేనే తెలుస్తోంది. యార్డులో ముప్ఫయ్ వ్యాగన్లు నిండా కంకరతో బారులు తీరి ఉన్నాయి. శుక్రవారం పొద్దున అవి బయల్దేరి, ఆ ఏడు కిలోమీటర్ల కట్టని రెండువైపులా కప్పేస్తాయి. పైన ఖాళీ బోగీలు నిలుపుకోవడానికి అదనపు లైన్లు వేస్తారు. అది ముఖ్య ఇంజనీరుగారి ప్లాను. ఆయన తన టేబుల్ మీద కాగితాలు ఎగరకుండా కూడా కంకరరాయే పెట్టుకుంటాడు. కంకర ఇంజనీరు అని సిబ్బంది ఊరికే అనలేదు.

*

ఈ కంపెనీ పర్యావరణాన్ని కాపాడటం మొదలుపెట్టి యాభై ఏళ్లయింది. అంటే, కాపాడుతున్నామని చెప్పడం మొదలుపెట్టి.

మొదటి పదేళ్లలో బొగ్గు ఇంజన్లు తీసేసి డీజిల్ ఇంజన్లు తెచ్చారు. 'పొగలేని ప్రయాణం' అని స్టేషన్ల నిండా పోస్టర్లు అంటించారు. డీజిల్ ఇంజన్లకీ పొగ వచ్చేది. అయితే అది నల్లగా కాక బూడిదరంగులో ఉండేది కాబట్టి లెక్కలోకి రాలేదు.

తర్వాతి పదేళ్లలో 'హరిత స్టేషన్లు' పథకం వచ్చింది. ప్లాట్‌ఫారాల మీద బెంచీలన్నింటికీ ఆకుపచ్చ రంగు వేశారు. రంగు సరిగ్గా ఆరకముందే జనం కూర్చోవడం వల్ల ఆ పథకం చాలా దూరం ప్రయాణించింది.

మూడో దశాబ్దంలో కొత్తగా వచ్చిన ప్రతి పెద్ద అధికారీ హెడ్డాఫీసు ముందు ఒక మొక్క నాటాలన్నారు. అధికారులు మారారు, మొక్కలు మారాయి. గొయ్యి మాత్రం అదే. పదకొండో అధికారి వచ్చేసరికి మొక్క నాటాలంటే లోపలికి దిగాల్సి వచ్చింది.

నవ్వులాటకేం గానీ, ఆ తర్వాత నిజంగానే పనులు జరిగాయి. లైన్లన్నీ కరెంటుకి మారాయి. బోగీలు కడిగిన నీళ్లని వడగట్టి మళ్లీ వాడటం మొదలైంది. మరుగుదొడ్ల కింద తొట్లు బిగించారు. పట్టాల మీద పనిచేసేవాళ్లు ఆ రోజు చేతులెత్తి దండం పెట్టారు. మూడేళ్ల కిందట కలుపుమందు కొట్టడమే మానేశారు. ఆ చివరి ఫైలు కోసం చెప్పులరిగేలా తిరిగింది మొక్కల మేడమే.

ఆ ఏడు కిలోమీటర్ల కట్టని కనిపెట్టింది కూడా ఆవిడే. కిందటేడాది పట్టాల పక్కన నడుస్తూ మొక్కలు రాసుకుంటూ పోతోంది. నలభయ్యో కిలోమీటరు దాకా కట్టంతా ఎండిపోయిన గోధుమరంగు. నలభై ఒకటి దాటి చిన్న వాగు మీద వంతెన రాగానే ఎవరో గీత గీసినట్టు పచ్చదనం మొదలైంది. అరవై మూడు రకాల మొక్కలు. వాటిలో ఒక ముళ్ల మొక్క మీద గోరంత నీలిరంగు సీతాకోకచిలుక. ఆ సీతాకోకచిలుక నలభయ్యేళ్లుగా ఈ ప్రాంతంలో ఎవరికీ కనిపించలేదని పుస్తకాల్లో ఉంది. పుస్తకం రాసినవాళ్లు రైలు దిగి చూసినట్టు లేరు.

ముప్ఫయ్యేళ్లుగా మందు తగలని నేల అని రుజువు చూపిస్తే దాన్ని రక్షిత కట్టగా ప్రకటించవచ్చు. అప్పుడు కంకర కాదు కదా, గులకరాయి కూడా వేయడానికి వీల్లేదు.

రుజువు మట్టిలో ఉంది. రిజిస్టరేమో అడ్డంగా కూర్చుంది.

*

మంగళవారం పొద్దున్నే ఆవిడ పాత ఫైళ్ల గదిలో దూరింది. దుమ్ముకి తుమ్ముతూనే ముప్ఫయ్యయిదేళ్ల కాగితాలు తిరగేసింది.

మొదటి వింత, ఉత్తరాలు. పట్టాల మీద కలుపు పీకే పనివాళ్ల మేస్త్రీ పై అధికారులకి రాసినవి. 'నలభై ఒకటి నుంచి నలభై ఎనిమిది దాకా మందు అస్సలు పనిచేయడం లేదు. మొక్క పీకలేక మా చేతులు పుళ్లు పడుతున్నాయి.' దాని వెనకే మందు తయారుచేసే కంపెనీకి అధికారుల ఉత్తరం: 'మీ మందులో ఘాటు తక్కువైంది. పెంచండి.' వాళ్లు పెంచారు. మరుసటేడు మళ్లీ అదే ఫిర్యాదు. వాళ్లు మళ్లీ పెంచారు. ఇలా నాలుగుసార్లు. చివరి ఉత్తరంలో మందు కంపెనీవాళ్లు విసిగిపోయి, 'మీ నేలకే ఏదో రోగం ఉంది' అని తేల్చేశారు.

రెండో వింత, సంతకం.

మొదటి ఇరవై ఎనిమిదేళ్ల షీట్ల కింద 'పూర్తి' అని రాసి చేసిన సంతకం. చివర తోకని రెండు సుళ్లు తిప్పి కింద చుక్క పెట్టిన ఆ సంతకాన్ని ఆవిడ ఎక్కడో చూసింది. ఎక్కడో ఏంటి, ప్రతి నెలా కరెంటు బిల్లు వెనకాల 'కట్టాను' అని రాసి ఇంట్లో మేకుకి గుచ్చే సంతకమే అది.

మావయ్య!

ఆయన మందుబండి మేస్త్రీగా చేసి రిటైరయ్యాడని ఆవిడకి తెలుసు. నాలుగు ట్యాంకు వ్యాగన్లు, చివరి వ్యాగన్‌కి రెండువైపులా గొట్టాలు, వాటిలోంచి కట్ట మీద కలుపుమందు చిమ్ముకుంటూ పోయే బండి. 'మా మావగారు మందుబండి మేస్త్రీ' అంటే కొత్తవాళ్లు ఇంకేదో అర్థం చేసుకుని జాలిపడేవాళ్లు. ఈ ఏడు కిలోమీటర్లు కూడా ఆయన రూటే అన్న సంగతి మాత్రం ఇన్నాళ్లూ ఆవిడకి తట్టలేదు.

ఆ మనిషి జీవితంలో అబద్ధం ఆడినట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు. అరటిపండు తొక్క కూడా ఎక్కడ పారేశాడో చెప్పే రకం.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్లింది.

"ఏంటమ్మాయ్, మొహం అంత వాడిపోయింది? మీ చిటికెడు సారు నీ మొహం కూడా నలిపి వాసన చూశాడా?" అన్నాడు మావయ్య, పీట మీద కూర్చుని చెప్పు కుట్టుకుంటూ.

"ఆయనకి మందుబండి గురించి ఏవో అనుమానాలొచ్చాయి మావయ్యా."

సూది ఆగింది. ఒక్క క్షణమే. మళ్లీ కదిలింది.

"పాత సంగతులు తవ్వుకోవడం తప్ప పనిలేదా ఆయనకి?"

"మీ మావయ్యని అడుగు, చెప్తారు," అంది అత్తయ్య వంటింట్లోంచి. "మందు పొదుపు చేసినందుకు పతకం ఇచ్చారు కదా. ఇంట్లో సబ్బు మాత్రం రెండ్రోజులకొకటి అరగదీస్తారు."

"పతకం జోలికి రాకు!"

పతకం భోజనాల బల్ల ఎదురుగా గోడకి వేలాడుతోంది. రాగి బిళ్ల, ఆకుపచ్చ రిబ్బను, కింద అద్దం బిగించిన కాగితం. పెళ్లయి ఈ ఇంటికొచ్చిన పన్నెండేళ్లలో కోడలు ఆ కాగితాన్ని తుడిచింది గానీ చదవలేదు. ఇవాళ ముద్ద నోట్లో పెట్టుకుంటూ చదివింది.

'కిలోమీటరుకొక పీపా చొప్పున పందొమ్మిది పీపాలు పట్టే పందొమ్మిది కిలోమీటర్ల మార్గాన్ని, ప్రతిసారీ పన్నెండు పీపాలతోనే పూర్తి చేసిన నేర్పుకు మెచ్చి...'

ముద్ద గొంతులో ఆగిపోయింది.

పందొమ్మిదిలోంచి పన్నెండు తీసేస్తే ఏడు.

"నీళ్లు తాగమ్మాయ్," అన్నాడు మావయ్య, ఆవిడ వైపు చూడకుండానే.

*

బుధవారం పొద్దున కోడలు చెప్పులేసుకుంటూ అంది. "మావయ్యా, నలభై ఎనిమిదో కిలోమీటరు స్టేషన్‌కి వెళ్తున్నాను. మీరూ రండి."

"నాకు మోకాలు నొప్పి."

"నిన్న సాయంత్రం గోడెక్కి దొండతీగ కట్టారు," అంది అత్తయ్య. "నేనూ వస్తాను. అది నా స్టేషన్."

ముగ్గురూ పాసింజర్ ఎక్కారు. అత్తయ్య పెళ్లికి ముందు ఆ స్టేషన్‌లోనే టికెట్ల గుమాస్తా. దిగగానే తన పాత కిటికీ చూసుకోవడానికి గబగబా వెళ్లిపోయింది. టికెట్ల కిటికీ ఇప్పుడు మూసేసి ఉంది. ముందు మిషన్ పెట్టారు.

కోడలు మావయ్యని ప్లాట్‌ఫారం చివరికి నడిపించింది. అక్కడ, తుప్పు పట్టిన ఇనప స్తంభానికి గుండ్రటి పసుపు బోర్డు. మధ్యలో నల్ల చుక్క.

"ఇదేంటి మావయ్యా?"

"బోర్డు."

"దేనికి?"

"మందుబండికి. వాగులూ బావులూ ఉన్నచోట నీళ్లలో మందు పడకూడదు. అందుకని ముందు చదరం బోర్డు ఉంటుంది. అది కనిపిస్తే గొట్టాలు కట్టేయాలి. నీళ్లు దాటాక గుండ్రం బోర్డు. అక్కడ మళ్లీ తెరవాలి."

"వాగు నలభై ఒకటిలో ఉంది. దాన్ని దాటడానికి డెబ్భై అడుగులు చాలు. గుండ్రం బోర్డు నలభై ఎనిమిదిలో ఏం చేస్తోంది?"

 మావయ్య టోపీ తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"వాన," అన్నాడు చివరికి.

"ఏంటీ?"

"బోర్డులు పాతిన రోజు వాన. చదరం బోర్డు వాగు దగ్గర పాతాను. గుండ్రందానికి గొయ్యి తవ్వుతుంటే వెనకాల ఎక్స్‌ప్రెస్ వస్తోందని కబురొచ్చింది. బోర్డులు వేసుకొచ్చిన తోపుడుబండి పట్టాల మీద ఉంది. తీసుకుని ఈ స్టేషన్ దాకా వచ్చేయాల్సి వచ్చింది. సాయంత్రమైంది. తడిసి ముద్దయ్యాను. ప్రస్తుతానికి ఇక్కడ పాతేసి, రేపు సరిచేద్దాం అనుకున్నాను."

"మరి ఆ రేపు?"

"వచ్చింది, పోయింది."

"మావయ్యా, మధ్యలో ముప్ఫయ్యెనిమిదేళ్ల రేపులు పోయాయి."

ఆయన స్టేషన్ వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "గొట్టాలు మూయడం నడుస్తున్న బండి మీంచే చేసేయొచ్చు. తెరవాలంటే మాత్రం బండి ఆగాలి. దిగి, ఒక్కో పంపూ చేత్తో తిప్పి చూసుకోవాలి. పది నిమిషాలు. వాగు దగ్గర ఆగితే పది నిమిషాలు కప్పల్ని చూడాలి. ఇక్కడ ఆగితే..."

 ఆయన చూపు మూసేసిన టికెట్ల కిటికీ మీద ఉంది.

కోడలికి అర్థమయ్యేసరికి నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకుంది. "అంటే, అత్తయ్య కోసం..."

"ష్! గట్టిగా అనకు. బండి ఇక్కడ ఆగాలన్నది కంపెనీ రూలని ఆవిడకి చెప్పాను."

"పెళ్లయ్యాక మార్చొచ్చు కదా?"

"అప్పటికి ఆ చోటు లైను డ్రాయింగు మీద ఎక్కిపోయింది. మార్చాలంటే ఎందుకు తప్పు పాతావో రాసివ్వాలి. ఏమని రాయను? తర్వాత మిగిలిన పీపాలు చూసి పతకం ఒకటి ఇచ్చారు. పతకం ఛాతీకి తగిలించుకుని, అయ్యా తప్పు చేశానని ఎవడైనా అంటాడా?"

"ఆ సీతాకోకచిలుకల సంగతి?"

"నాకు వాటి సంగతేం తెలుసు? నాకు తెలిసింది ఒక టికెట్ల గుమాస్తా."

ఆవిడ నవ్వు ఆపేసింది. "రేపు పదింటికి మీరు వచ్చి ఈ మాట చెప్పకపోతే ఎల్లుండి కంకర పడుతుంది. చెప్తే పతకం పోవచ్చు. నేను బలవంతపెట్టను. మీ ఇష్టం."

మావయ్య పట్టాల వెంట చూశాడు. కట్ట మీద గడ్డి గాలికి ఊగుతోంది.

"పతకం పోయినా ఫరవాలేదమ్మాయ్. ఇన్నేళ్లూ రూలని చెప్పి మీ అత్తయ్యని నమ్మించాను. అదీ నా భయం."

"ఏ రూలండీ?"

వెనకాల అత్తయ్య! చేతిలో మూడు టీ కప్పులు.

మావయ్య చటుక్కున బోర్డు స్తంభం వెనక్కి జరిగాడు.

"రూలు పుస్తకం ఎక్కడుండేదనుకున్నారు?" అంది అత్తయ్య, కప్పు అందిస్తూ. "నా కౌంటర్లోనే. ఏ బండి ఎక్కడ ఆగాలో వరసగా ఉండేది. మీ మందుబండి రెండోసారి ఆగినప్పుడే తిరగేసి చూశాను. మన స్టేషన్ పేరు లేదు."

"తెలిసీ ఊరుకున్నావా?"

"మూడోసారికి కొత్త చీర కట్టుకొచ్చాను కదా. మీరు చూడలేదు. పంపులు తిప్పుకుంటూ కూర్చున్నారు."

*

గురువారం పదింటికి సమావేశం గది నిండింది. బల్లకి ఒక చివర చిటికెడు సారు, ముందు ఏడు సీసాలు. ఇంకో చివర కంకర ఇంజనీరు, ముందు కంకరరాయి. మధ్యలో ప్రచారాధికారి. 'యాభై ఏళ్ల హరిత ప్రయాణం' అనే పుస్తకానికి బొమ్మలు ఏరుకుంటున్నాడు.

మొక్కల మేడమ్ గడియారం చూసింది. పదీ అయిదు. పదీ పది. పొద్దున తను బయల్దేరేటప్పుడు మావయ్య గదిలో తలుపేసుకుని ఉన్నాడు. గోడ మీద పతకం లేదు. దాచేసి ఉంటాడనుకుంది.

"ఇంకెవరైనా రావాలా, లేక వ్యాగన్లకి జెండా ఊపమంటారా?" అన్నాడు కంకర ఇంజనీరు.

తలుపు తెరుచుకుంది.

ఇస్త్రీ చేసిన పాత యూనిఫాం కోటు. పొట్ట దగ్గర గుండీ పట్టలేదు. ఛాతీ మీద రాగిపతకం. వెనక అత్తయ్య.

"కోటు బీరువాలోంచి తీసేసరికి ఆలస్యమైంది," అంది ఆవిడ అందరికీ. "నేను సాక్షిని."

మావయ్య నిలబడే చెప్పాడు. వాన, ఎక్స్‌ప్రెస్, బోర్డు, రేపు. టికెట్ల గుమాస్తా గురించి చెప్పేటప్పుడు మాత్రం సీలింగు ఫ్యాను వైపు చూశాడు. 

ముందు తేరుకున్నది కంకర ఇంజనీరే. "అంటే ముప్ఫయ్యయిదేళ్లు కంపెనీని మోసం చేశారన్నమాట!"

"నా వాటా ఇరవై ఎనిమిదేళ్లే సారూ. మిగతా ఏడేళ్లు నా తర్వాత వచ్చినవాళ్లు బోర్డు చూసి కట్టేశారు, బోర్డు చూసి తెరిచారు. బోర్డు చెప్పినట్టు చేయాలి కదా?"

"తప్పుగా ఉన్న బోర్డుని ఒక్క అధికారి కూడా పట్టుకోలేదా? ఎవరండీ వాళ్లు?"

మొక్కల మేడమ్ ఫైల్లోంచి బోర్డులు ఎక్కడున్నాయో చూపించే డ్రాయింగు తీసి ఆయన ముందు పరిచింది. "ఇరవై రెండేళ్ల కిందట దీన్ని కొత్తగా గీయించారు సార్. 'స్వయంగా వెళ్లి సరిచూశాం' అని కింద అయిదు సంతకాలున్నాయి. నాలుగు తెలిశాయి. అయిదోది, జూనియర్ ఇంజనీరుది, నాకు సరిగ్గా కనిపించడం లేదు. మీరోసారి చూస్తారా?"

కంకర ఇంజనీరు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఇరవై రెండేళ్ల కిందట ఆయన జుట్టు నల్లగా ఉండేది. సంతకం మాత్రం అప్పుడూ ఇదే.

"పాత సంగతులు ఇప్పుడెందుకు లెండి," అన్నాడు నెమ్మదిగా.

చిటికెడు సారు కుర్చీ వెనక్కి నెట్టాడు. లేచి మావయ్య దగ్గరికొచ్చాడు. "ఆ పతకం ఓసారి ఇస్తారా?"

తీసుకుని, అలవాటు కొద్దీ వేళ్ల మధ్య నలపబోయాడు. నలగలేదు. వాసన చూశాడు. తర్వాత, అద్దంలోంచి ఊడదీసి మావయ్య జేబులో పెట్టుకొచ్చిన పతకం కాగితం విప్పి, పెదవులు కదుపుతూ చదివాడు. బల్ల మీది సీసాల్ని వేలితో లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు... ఏడు.

"ముప్ఫయ్యేళ్లుగా తనిఖీలు చేస్తున్నాను," అన్నాడు. "పర్యావరణాన్ని కాపాడామని చెప్పి కాపాడనివాళ్లని వందమందిని చూశాను. పాడుచేశామని రాసి పాడుచేయనివాళ్లని ఇవాళే చూస్తున్నాను." మావయ్య వైపు తిరిగాడు. "సంతకం పెడతాను. అయితే ఈ కాగితం, పతకం అసలువే ఫైల్లో ఉండాలి. నకలు పనికిరాదు. ఆ కట్ట ఉన్నంతకాలం ఇవి ఫైల్లోనే ఉంటాయి."

మావయ్య తన కోటు మీద పిన్ను గుచ్చిన చోటు తడుముకున్నాడు. అక్కడ చిన్న కన్నం.

"తీసుకోండి," అన్నాడు.

శుక్రవారం పొద్దున ముప్ఫయ్ వ్యాగన్ల కంకర వేరే దిక్కుకి పోయింది.

*

కథ అక్కడితో అయిపోతే మావయ్య హాయిగా ఉండేవాడు. కానీ ప్రచారాధికారి చేతిలో పెన్ను ఉంది.

మూడు నెలల తర్వాత నలభై ఎనిమిదో కిలోమీటరు స్టేషన్‌లో రక్షిత కట్ట ప్రారంభోత్సవం జరిగింది. ప్లాట్‌ఫారం మీద మనిషెత్తు పలక. దాని మీద మావయ్య ఫొటో, కింద పెద్ద అక్షరాలు: 'ఈ భూమి విలువని నలభయ్యేళ్ల కిందటే గుర్తించి, పక్కా ప్రణాళికతో కాపాడిన దార్శనికుడు.'

మావయ్య చదివి మండిపడ్డాడు. "ప్రణాళికేంటండీ? పొరపాటది! నా పొరపాటు!"

"ఎంత నిరాడంబరత!" అన్నాడొక ప్రయాణికుడు, ఫొటో తీసుకుంటూ.

"నిరాడంబరత కాదు బాబూ. వాన పడింది. బోర్డు తప్పుచోట పాతాను."

"గొప్పవాళ్లంతా ఇలాగే అంటారు."

ఇరవై ఎనిమిదేళ్లు 'పూర్తి' అని రాస్తే నమ్మారు. ఇప్పుడు తప్పు చేశానంటే ఒక్కడూ నమ్మడం లేదు. కనిపించిన ప్రతివాణ్ణీ ఆపి చెప్పాడు. చెప్పినకొద్దీ చప్పట్లు ఎక్కువయ్యాయి.

"అమ్మాయ్, నువ్వయినా చెప్పవే!"

"నేనేం చెప్పను మావయ్యా? ఇంట్లో పతకం ఉన్నప్పుడు మీరూ ఎవరికీ చెప్పలేదు కదా," అంది కోడలు. నవ్వు ఆపుకునే ప్రయత్నం ఈసారి చేయలేదు.

ఇంతలో ప్రచారాధికారి పనివాళ్లతో గుండ్రటి పసుపు బోర్డు దగ్గరికి నడిచాడు. "ఇది పలక పక్కన ఉంటే ఫొటోకి బావుంటుంది. పీకి అక్కడ పాతండి."

మావయ్య మోకాలు నొప్పి మర్చిపోయి పరిగెత్తాడు. స్తంభాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"దీన్ని అంగుళం కదిపితే ఊరుకోను! ఇది ఉండాల్సిన చోటే ఉంది!"

"తప్పుచోట పాతానని ఇప్పుడే కదండీ అన్నారు?"

"తప్పుచోటే దీని సరైన చోటు. కావాలంటే మీ పలకే ఇటు తెచ్చుకోండి."

పనివాళ్లు పలకని మోసుకొచ్చారు. ప్లాట్‌ఫారం చివర నేల గట్టిగా ఉంది. గునపం దిగడం లేదు. పైగా నాలుగు చినుకులు మొదలయ్యాయి. పలక మీద మావయ్య ఫొటో తడుస్తోంది. ప్రచారాధికారి అటూ ఇటూ చూసి, ప్రహరీ వెనకాల, ఎవరూ వెళ్లని మూల మెత్తటి మన్ను చూపించాడు.

"ప్రస్తుతానికి అక్కడ పాతేయండయ్యా," అన్నాడు తలకి రుమాలు కట్టుకుంటూ. "రేపు సరిచేద్దాం."

మావయ్య, కోడలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూసేసిన టికెట్ల కిటికీ పక్కన కూర్చున్న అత్తయ్య ఉన్నట్టుండి పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపలేదు.

"ఏమైందండీ ఆవిడకి?" అన్నాడు ప్రచారాధికారి.

"ఏం లేదు," అన్నాడు మావయ్య, స్తంభాన్ని వదలకుండా. "మీరు కానివ్వండి. అక్కడే పాతండి. గట్టిగా పాతండి."